ముందే కట్టేసినవి

కొర్లగుంట సందు మొగదల, టీ బంకుకీ జెరాక్సుకీ నడాన
మా కొరియరు కౌంటరు.
ఎనిమిదడుగుల వెడల్పు. ఒక కాటా, ఒక టేపు, ఒక స్కానరు.
చీటీ మీద గీతలుంటే చాలు, డబ్బుతో పనిలేదు.

ఈ మాట జనం నమ్మరు.
"ఎంతమ్మా?" అంటారు పర్సు తీస్తా.
"ముందే కట్టేసుండారు సార్."
"ఎవురు?"
"ఎనక్కి పంపమన్నోళ్ళే."
"ఊరికేనా?" అని మళ్ళా ఒకసారి.
ఒకాయన ఒప్పుకోక, కాటా మీద పది రూపాయల నోటు పెట్టి పోయినాడు.
దాన్నీ తూచింది కాటా,
సున్నా గ్రాములని.

పొద్దున్నించీ ఇదే పని.
ఇంతియాజ్ బిగువు బూట్లు, ఇది మూడో జత.
ఫోటోలో ఒక రంగు, చేతికొస్తే ఇంకో రంగైన చీర.
ఒక చెవిలోనే మోగే ఇయర్‌ఫోను.
ఎర్ర కాంతి పడతాది, కుయ్‌మంటాది, సంచిలోకి.
ఆ కుయ్ వినేదాకా ఎవరూ కదలరు.

నాలుగున్నరకి వాన.
వానతో పాటే ఆమె.
పెట్టెని పైట కింద దాచుకోనొచ్చింది,
అయినా చీటీ ఒక మూల తడిసి
గీతలు కాటుక మాదిరి కారినాయి.
తల మీద అరంగుళం జుట్టు.
ఈ ఊళ్ళో దాన్నెవరు చూస్తారు?
బస్సులో, బ్యాంకు లైనులో, సినిమా హాల్లో
ముందు సీటు ఎప్పుడూ గుండే.
"కొండకి ఎప్పుడు పోయొచ్చినారు?" అనేది
"తిన్నారా?" అన్నట్టే ఇక్కడ.
నేనూ అడిగినా.
ఆమె నవ్వింది. ఔననలా, కాదనలా.

స్కానరు పట్టలా.
తుడిచినా. ఊదినా. ఏటవాలుగా పెట్టినా.
ఎర్ర కాంతి తడుముకోని తడుముకోని ఊరుకుండిపొయ్యింది.
"నంబరు చేత్తో కొట్టాల. చదవండి, నిదానంగా."
పద్నాలుగు అంకెలు.
పదకొండో దాని కాడ ఆగింది.
"ఇది మూడో ఎనిమిదో తెలీలా మే."
ఇద్దరం తలలు దగ్గరపెట్టి చూసినాం.
కుంకుడుకాయ వాసన.
అరంగుళానికి కుంకుడుకాయ!

మూడు కొడితే నాయుడుపేటలో ఎవరిదో మిక్సీ జార్ తెరుచుకునింది.
ఎనిమిది కొడితే:
పి. రెడ్డెమ్మ. చెల్లించాల్సింది సున్నా.
"లోపల ఏముంది?" అడగాల, రూలు.
"జుట్టు."

వేళ్ళు ఆగినాయి నావి.
ఈ ఊళ్ళో జుట్టు కొండెక్కతాదే గానీ
కొరియరెక్కదు.
"నాది కాదులే, అరువుది. బెంగుళూరోళ్ళు ఇచ్చినారు,
మందులెక్కించుకునే ఏడు నెలలకీ.
పనైపోతే పంపమని చీటీ కూడా వాళ్ళే పెట్టినారు.
ఇంకొకామె కాచుకోనుండాదంట."
ఆ తర్వాత, నన్ను కాదు, టేపు చుట్టని చూస్తా:
"నిజం చెప్పాలంటే పెట్టుకునింది రెండుసార్లే.
మరిది కూతురు పెళ్ళికి, వేలూరికి పోయినప్పుడు ఒకసారి.
ఈ ఊళ్ళో దాంతో ఏం పని?
అందురూ మొక్కనుకున్నారు.
పోనీలే అని నేనూ ఊరుకున్నా."

దుస్తులు, పుస్తకాలు, మందులు, పరికరాలు.
జుట్టుకి గడి లేదు.
ఇతరములు నొక్కినా.
చీటీలో నాలుగొందల గ్రాములు,
కాటాలో మూడొందల అరవై.
ఎక్కువైతే అడుగుతాం. తక్కువైతే అడగం.

చేత్తో కొట్టినదానికి కుయ్ రాదు.
ఆమె నిలబడే ఉంది, అందరి మాదిరే, దానికోసం.
"అయిపోయిందా?"
"అయిపోయింది," అన్నా నేనే.
"రసీదియ్యి. సున్నా అని ఉన్నా ఫర్వాలా."
ఇచ్చినా. ఎనిమిది మడతలు పెట్టి
రవికలో దోపుకోని వానలోకి దిగింది,
తల కప్పుకోకుండా.

ఆరున్నరకి మునిశేఖర్ వ్యాను.
సంచులు బంతుల మాదిరి ఇసురుతాడు వాడు.
"ఒరే, ఆ పెట్టె పైన పెట్టు."
"గాజా?"
"కాదు."
"మరి?"
"పెట్టరా పైన."